కండె మార్చని సాంచా

ఆ గదిలో ఉన్నవి: ఒక పొడవాటి బల్ల, ఆరు ఫోన్లు, వాటిలో పనిచేసేవి ఐదు. గోడకు జిల్లా పటం. మూత సరిగా పట్టని శానిటైజర్ డబ్బా. నీళ్లు పోసేవాళ్లు లేక ఉత్త వేడిగాలి విసిరే కూలర్. ఉన్నవాళ్లు: బడులు మూతపడటంతో ఇక్కడ డ్యూటీ పడిన ఇద్దరు టీచర్లు, ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, మా అందరికీ పైన ఒక డాక్టర్ సారు, చివరి కుర్చీలో నేను.

నేను అక్కడ ఎందుకున్నానో చెప్పాలి. నేను చదివింది బయోమెడికల్ డిప్లొమా. ఆసుపత్రుల్లో ఆక్సిజన్ మిషన్లు, మానిటర్లు బిగించడం, చెడిపోతే బాగుచేయడం నా పని. కాంట్రాక్టు ఉద్యోగం. కరోనా సెకండ్ వేవ్ మొదలైనప్పుడు మా జిల్లాకు రావలసిన మిషన్లు దారిలో ఉన్నాయన్నారు. అవి వచ్చేదాకా ఖాళీగా ఉండనివ్వరు కదా, కంట్రోల్ రూమ్‌లో ఫోన్ ముందు కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు. నేను రిటైర్ కాలేదు గానీ నా పోస్టు రిటైరైంది. అదే పనిలో ఈ మధ్య కొత్తగా చేరిన ఒక తమ్ముడు, "అన్నా, ముందుగాల మిషన్‌ను చూడాల్నా, మనిషిని చూడాల్నా?" అని అడిగాడు.  అతనికీ, అతని ఈడు వాళ్లకూ ఒక రోజు గురించి చెప్తాను.

మాది కరీంనగర్‌ను ఆనుకున్న సాంచాల ఊరు. సాంచా అంటే పవర్‌లూమ్. పద్మశాలీల గల్లీల్లో ఇంటి ముందు సగం సాంచాలకు, వెనక సగం మనుషులకు. పొద్దున లేచింది మొదలు ఆ చప్పుడులోనే తినడం, తిట్టుకోవడం, పిల్లలను పడుకోబెట్టడం. నేనూ అటువంటి ఇంట్లోనే పుట్టాను. మా బాపు నాలుగు సాంచాలు నడిపేవాడు.

కంట్రోల్ రూమ్ పని తేలిక. పాజిటివ్ వచ్చి ఇంట్లోనే ఉంటున్నవాళ్లకు రోజూ ఫోన్ చేయాలి. జ్వరముందా, ఆయాసముందా, మందుల కిట్టు అందిందా? ఇవే ప్రశ్నలు. బాగున్నామంటే బాగున్నారని రాసుకోవాలి. మేం రాసిన 'బాగు'లన్నీ సాయంత్రానికి కలెక్టరేట్‌కు, అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్లేవి. దాదాపు అందరూ బాగున్నామనే చెప్పేవారు కనుక పైన కూడా అంతా బాగున్నట్టే కనిపించేది.

అటు నుంచి వచ్చే ఫోన్లు వేరు. మళ్లీ లాక్‌డౌన్ పెడతారా? సర్కారు ఇచ్చే బతుకమ్మ చీరల ఆర్డరు ఉంటుందా, ఆగుతుందా? పేపర్లో వేసే లెక్క నిజమేనా? మా చిన్నాయనను ఏ వార్డుల పెట్టిన్రు, పొద్దటి నుంచి ఎవలూ ఫోన్ ఎత్తుతలేరు? ఒకాయన రోజూ ఫోన్ చేసి, "సర్కారు ఏం జేస్తుంది సారూ?" అని మాత్రమే అడిగేవాడు. మీకేమైనా ఇబ్బంది ఉందా అంటే, "నాకేం లేదు, ఉత్తగనే తెలుసుకుందామని" అనేవాడు. 

నా పక్క కుర్చీ తెలుగు టీచరు మేడంది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. మేం గంటలో ముప్పై ఫోన్లు చేస్తే ఆమె ఏడెనిమిది చేసేది. ఏం కూర వండిన్రు, పిల్లలు సతాయిస్తున్నరా, రాత్రి నిద్ర పడుతుందా అని అన్నీ అడిగేది. డాక్టర్ సారు ఒకసారి విసుక్కున్నాడు.

"మేడం, అడగాల్సినవి మూడే ప్రశ్నలు."

"సారూ, ఆ మూడింటికీ అబద్దమే చెప్తరు. కూర సంగతి అడిగితెనే అసలుది బయటపడుతది."

ఆయన నవ్వలేదు. ఆ రోజుల్లో ఆయన నవ్వడం నేను చూడలేదు. రోజూ మధ్యాహ్నం పైఅధికారులతో వీడియో మీటింగు ఉండేది. అక్కడి నుంచి వచ్చినప్పుడల్లా మొహం కడుక్కుని, తుడుచుకోకుండానే కూర్చునేవాడు.

ఒక పొద్దున మేడం ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని నన్ను పిలిచింది.

"ఈమె ఏమంటుందో సప్పుడుల ఇనబడుతలేదు. నీకు గా సాంచాల మోత అలవాటే గదా, జర నువ్వు మాట్లాడు."

ఆ ఇంటి సంగతి ఆమె నాకు చెప్పింది. పాజిటివ్ వచ్చింది అరవై దాటిన మామకు. ఫోన్ ఎత్తేది కోడలు. కొడుకు మహారాష్ట్రలోని భీవండీకి పనికి పోయి అక్కడే చిక్కుకున్నాడు. మొదటి రోజు ఫోన్ చేసినప్పుడు వెనక సాంచా చప్పుడు వినిపించిందట. "పెద్దాయన అప్పుడే పనిల వడ్డడా?" అని మేడం సంతోషపడింది. "ఆఁ మేడం, నడుపుతుండు" అన్నది కోడలు. మరి సాంచా నడిపే మనిషికి ఆయాసం ఉండదు కదా. మేడం బాగు అని రాసుకుంది. అప్పటి నుంచి రోజూ అదే చప్పుడు, అదే మాట.

నేను ఫోన్ తీసుకున్నాను. కోడలు గట్టిగా అరిచినట్టే మాట్లాడుతోంది. జ్వరం లేదు, దగ్గు లేదు, మామ సాంచా మీద ఉన్నడు, మందులు అందినయి. నేను విన్నాను. ఆమె చెప్పడం అయిపోయాక కూడా ఏదో అడుగుతూ ఉండిపోయాను. వంటేమిటి, నీళ్లు వేడిచేసి తాగుతున్నారా అని. నిజానికి నేను వింటున్నది ఆమె మాటను కాదు.

సాంచాలో అడ్డంగా పోయే నూలు కండెకు చుట్టి ఉంటుంది. ఆ కండె నాడెలో, అంటే పడవలాంటి చెక్క ముక్కలో, కూర్చుని అటూ ఇటూ పరుగెడుతుంది. కొద్ది నిమిషాలకే నూలు అయిపోతుంది, సాంచా ఆగుతుంది, నడిపే మనిషి కొత్త కండె పెట్టి మళ్లీ నడుపుతాడు. మా ఇంట్లో ఆ ఆగడం కూడా చప్పుడులో భాగమే. ఎక్కువసేపు ఆగిందంటే మా అవ్వ వంటింట్లో నుంచి తొంగి చూసేది. ఇక్కడ నేను ఫోన్ పట్టుకుని ఎంతసేపైనా ఆ సాంచా ఆగలేదు. తడబడలేదు. గోడ గడియారంలా ఒకే తీరుగా కొడుతోంది.

"అక్కా, కండె మార్చరా?" అన్నాను.

 సాంచా నడుస్తూనే ఉంది.

"నువ్వు ఎవలు తమ్మీ?" అన్నది.

"సాంచాల ఇంటి పిలగాన్నే. రైస్ మిల్లు అవతలి గల్లీ మాది."

చప్పుడు ఆగిపోయింది. ఫోన్‌లో మొదటిసారి ఆమె అసలు గొంతు విన్నాను. చాలా చిన్న గొంతు.

"మామ పండుకోనే ఉన్నడు. లేస్తలేడు. మాట్లాడితె ఎగపోస్తుండు. మీ నంబరు కనబడంగనే నేను నాడె తీసేసి బటన్ నొక్కుతున్న. బండి పంపకు తమ్మీ, నీ కాళ్లు మొక్కుత."

బండి ఎందుకు వద్దో కూడా చెప్పింది. వెనక గల్లీలో ఒకాయనకు ఎక్కువైతే అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చింది. సాయంత్రానికల్లా ఎవరూ దాటకుండా గల్లీకి రెండు దిక్కులా కట్టెలు అడ్డం కట్టారు. నూలు లోపలికి రాలేదు, బట్ట బయటికి పోలేదు. గల్లీలోని అన్ని ఇళ్లలో సాంచాలు బందయ్యాయి. ఇరుగుపొరుగు ఆ ఇంటివాళ్లను నోటికొచ్చినట్టు తిట్టారు. అంబులెన్సులో పోయిన మనిషి తిరిగి రాలేదు. మొహం చూద్దామన్నా అటు నుంచి అటే తీసుకుపోయారు.

"మా మామ అన్నడు, సచ్చినా ఇంట్లనే సస్త, గల్లీని మాత్రం మూపియ్య అని."

ఫోన్ పెట్టేసి మేడంకు చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచింది.

"అంటె ఇన్నొద్దులు నేను ఉత్త సాంచాను పట్టుకొని బాగున్నవా అని అడిగిన్నా?"

డాక్టర్ సారుకు చెప్తే వెంటనే అంబులెన్సు పంపమంటాడు. ఆయన చేయవలసింది అదే. కానీ బండి వెళ్తే ఆ ఇంటి తలుపు తెరుచుకోదు. ముందు నేను వెళ్లి చూసి వస్తానని అడిగాను. ఆయన గడియారం చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వు మిషన్లకు డాక్టర్‌వి, మనుషులకు కాదు. ఆక్సిజన్ చూడు, నాకు నంబర్ చెప్పు. తొంభై నాలుగు కన్నా తక్కువుంటే వాదన పెట్టుకోకు, బండి పంపిస్తా."

ఆ గల్లీ ఆశ వర్కర్‌ను వెంట తీసుకుపోయాను. నలభై ఏళ్లుంటాయి ఆమెకు. మాస్కు మీద చీర కొంగు కూడా చుట్టుకుంది.

"నువ్వు ముందల నడువక్కా, నీకు తెల్సినోళ్లు గదా" అన్నాను.

"తెల్సినోళ్లు గాబట్టే తిట్లు నాకు పడుతయ్. మొన్న ఒకామె చాట ఇసిరింది. చాట మంచిగనే ఉన్నది, ఇంటికి తెచ్చుకున్న" అన్నది.

గల్లీ పొడుగునా సాంచాలు కొడుతున్నాయి. ఆ ఇంటి కోడలు మమ్మల్ని చూసి తలుపు సగం తెరిచి, అటూ ఇటూ చూసి లోపలికి లాగింది. నాలుగు సాంచాల మధ్య సందులో నుంచి వెనక గదికి వెళ్లాం. పెద్దాయన గోడకు ఆనుకుని చాప మీద ఉన్నాడు. పక్కన ఆయన భార్య, బట్ట ముక్కతో విసురుతోంది. ఆయన నన్ను చూసి మొదట అడిగింది నా సంగతే.

"మీ బాపు... ఏ సేటు దగ్గర... నడిపిండు?"

చెప్పాను. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటున్నాడు. "ఎరుకే. మంచి పనోడు" అన్నాడు.

వేలికి ఆక్సీమీటర్ పెట్టాను. ఎనభై మూడు చూపించింది. వేళ్లు చల్లగా ఉంటే ఆ పరికరం తప్పు చూపిస్తుంది. నాకది తెలుసు, నాకు కావలసింది కూడా అదే. ఆయన చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దాను. నూలు దారం కోసుకుపోయి గట్టిపడిన వేళ్లు. మా బాపు వేళ్లూ ఇట్లాగే ఉంటాయి. వేరే వేలికి పెట్టాను. ఎనభై రెండు. బ్యాటరీలు మార్చి నా వేలికి పెట్టుకున్నాను. పరికరం బాగానే ఉంది.

డాక్టర్ సారుకు చెప్పాను. "బెడ్ ఉంది. ఇప్పుడే ఒకటి ఖాళీ అయింది. ఎలా ఖాళీ అయిందో అడక్కు. బండి బయల్దేరుతుంది" అన్నాడు.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "నేను రాను. ముప్పై ఇండ్లోళ్ల... పొట్టగొట్టి... నేను బతుకుడేంది?"

గల్లీని మూయరని నేను మాటిచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. మూసేదీ తెరిచేదీ నేను కాదు. మేడంకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఆయన ముందు ఉంచాను.

"ఏమయ్యా పెద్దమనిషీ, నేను రోజూ ఫోన్ జేసే టీచర్‌ను. నీ సాంచా తోటి మస్తు ముచ్చట వెట్టిన. ఇయ్యాల నీతోటి మాట్లాడుత."

ఆయన పెదవుల మీద ఏదో కదిలింది.

"నువ్వు దవాఖానకు వస్తే గల్లీ మూస్తరో, మూయరో నాకు తెల్వది. నువ్వు ఇంట్లనే సచ్చిపోతే మాత్రం ఇంకింత గట్టిగ మూస్తరు. గది నాకు పక్కా ఎరుకే. నీ ముప్పై ఇండ్ల లెక్క జర మల్లొకసారి చూసుకో."

ఆయన నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. విసురుతున్న అవ్వ అప్పుడు మాట్లాడింది.

"నేను జెప్తె ఇనవు. బడిపంతులమ్మ జెప్తె ఇంటవ్."

"పోదాం తియ్" అన్నాడు. "బండి మాత్రం... కూయొద్దు."

అంబులెన్సు డ్రైవరుకు ఫోన్‌లోనే చెప్పాను. ఆదిలాబాద్ దిక్కు మనిషి, మాటల్లో మరాఠీ కలిసేది, ఎవరినైనా అన్నా అనడానికి భావు అనేవాడు. "కూయకుంటే మెయిన్ రోడ్డు మీద ఎవడు జరుగుతడు భావు?" అన్నాడు. గల్లీ దాటాక కూత పెట్టుకోమన్నాను. సరేనన్నాడు. నిజంగానే చప్పుడు లేకుండా వచ్చి వాకిట్లో ఆగాడు.

ఇక్కడ ఒక సంగతి మాకెవరికీ తట్టలేదు. నాకు తట్టాల్సింది, నేను ఆ గల్లీల మనిషినే.

పెద్దాయనను స్ట్రెచరు మీదికి ఎక్కిస్తుంటే ఆయన కోడలితో, "మెయిను బంద్ చెయ్ బిడ్డా, ఊకె తిప్పకు, మోటరు పట్టా పాడైతది" అన్నాడు. పక్కింటివాళ్లకు అనుమానం రాకుండా మేం వచ్చినప్పటి నుంచీ ఆమె ఒక సాంచాను ఉత్తగా నడుపుతూనే ఉంది మరి. ఆమె వెళ్లి స్విచ్చు తీసేసింది. ఆ ఇంట్లో సాంచా ఆగింది. వాకిట్లో అంబులెన్సు ఉంది. తెల్ల గౌన్లు వేసుకున్న ఇద్దరు మనిషిని మోస్తున్నారు.

మా గల్లీల్లో ఎవరైనా పోతే ఎవరూ చాటింపు వేయరు. ఆ ఇంటి సాంచా ఆగుతుంది. అది విని పక్కింటివాళ్లు తమది ఆపుతారు. వాళ్లది విని ఆ పక్కవాళ్లు. శవం గల్లీ దాటేదాకా ఎవరూ నడపరు.

కుడి పక్కింట్లో ఆగింది. ఎదురింట్లో ఆగింది. తర్వాత ఎక్కడ ఆగుతోందో తెలియనంత తొందరగా, ఒకదాని వెంట ఒకటి, గల్లీ చివరిదాకా ఆగిపోతూ వెళ్లాయి. పుట్టినప్పటి నుంచి మా గల్లీల్లో పగటిపూట పిచ్చుక అరుపు విన్న గుర్తు లేదు. అప్పుడు విన్నాను. తలుపుల్లో మనుషులు నిలబడ్డారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిన్నటిదాకా కట్టెలు కడతారని భయపడిన ఆ మనుషులే, అంబులెన్సు ఎదురుగా ఉన్నా ఒక్కరూ దాని గురించి మాట్లాడలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు.

పెద్దాయన స్ట్రెచరు మీద నుంచి తల ఎత్తాడు. ఆక్సిజన్ మాస్కు కిందికి గుంజుకున్నాడు.

"ఎవలు సచ్చిన్రు?" అన్నాడు.

 ఆయన గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నేనా?"

ఆశక్క ముందుగా నవ్విందో ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అవ్వ మాత్రం రెండూ చేయలేదు. విసురుతున్న బట్ట ముక్క చేతిలోనే ఉంది, దాన్ని జెండాలా పైకెత్తి గల్లీ మధ్యలోకి నడిచింది.

"మీ సాంచాలు మండ! ఎందుకు బంద్ వెట్టిన్రే? మనిషి బతికే ఉన్నడు! దవాఖానకు పోతుండు, మల్ల వస్తడు! నడుపుండ్రి! మీ చేతులు వడిపోయినయా, నడుపుండ్రంటున్న గదా!"

 ఎదురింటి మనిషి మాస్కు సరిచేసుకుంటూ లోపలికి పరుగెత్తాడు. ఆయన సాంచా మొదలైంది. ఇంకొకటి. ఇంకొకటి. డ్రైవరు బండి తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "హే కాయ్ భావు, ఇదేంది?" అన్నాడు. చెప్పడానికి టైం లేదు, చెప్పినా ఆ మోతలో వినిపించదు. తలుపులోంచి ఎవరో, "కాకా, ఫికర్ చెయ్యకు, జెల్ది రా" అని అరిచారు. పెద్దాయన మాస్కు తనే పైకి జరుపుకుని పడుకున్నాడు. బండి కదిలింది. గల్లీ దాటి మెయిన్ రోడ్డు ఎక్కాక కూత మొదలైంది.

సాయంత్రం గల్లీ మూయడానికి మున్సిపాలిటీ మనుషులు కట్టెలు తీసుకుని బయల్దేరారు. మేడం లేచి డాక్టర్ సారు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆమె బయటికి వచ్చి, "ఆ ఒక్క ఇంటి ముందటనే కడతరట" అని మాత్రం చెప్పి, నీళ్లు తాగి, ఫోన్ అందుకుంది.

పెద్దాయన చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. దారిలో ఉన్న మిషన్లు వచ్చాక ఆ వార్డులో వాటిని చూసే పని నాకే పడింది. రోజూ ఆయన మంచం దగ్గర ఆగి, గొట్టం చూసి, ఆయన్ను చూసి వచ్చి కోడలికి ఫోన్ చేసేవాణ్ని. వెనక ఏ చప్పుడూ ఉండేది కాదు. ఆమె మామ ఏం తిన్నాడో అడిగేది. నాకు తెలిసేది కాదు, మరునాడు కనుక్కుని చెప్పేవాణ్ని. నేనూ మేడంలాగే తయారయ్యానని వ్యవసాయ అధికారి వెక్కిరించాడు. పెద్దాయన నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. నాలుగు సాంచాలు నడిపే ఊపిరి మాత్రం మిగల్లేదు. భీవండీ నుంచి కొడుకు వచ్చి రెండు నడుపుతున్నాడు, కండెలు పెద్దాయన చుడుతున్నాడు.

ఆయన్ను తీసుకుపోయిన మరుసటి రోజు పొద్దున నేను కంట్రోల్ రూమ్‌కు వెళ్లేసరికి నా బల్ల మీది ఫోన్ మోగుతోంది. ఎత్తితే ఒక ఆడమనిషి. "సార్, మా ఆయనకు రెండొద్దుల సంది జరమొస్తుంది. చెప్పలే. బండి పంపుతరా? కూయకుండ రమ్మనుండ్రి" అన్నది. ఏ గల్లీ అని అడిగాను. అదే గల్లీ. పెట్టేసేలోపు పక్క ఫోన్ మోగింది, మేడం ఎత్తింది.

మధ్యాహ్నంలోగా ఆ గల్లీ నుంచి వచ్చిన ఫోన్లు పదమూడు. జ్వరముందని చెప్పినవి తొమ్మిది. మిగతా నాలుగు పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగినవి.